కమాను పట్టీతో ఉలి: ముక్క ఎంపిక నుంచి పదును దాకా

గొడ్డలి నోరు అరిగిపోతే పల్లెల్లో గొడ్డలి మొత్తం పారేసేవాళ్లు కాదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి "ఉక్కు వేయించుకుని" వచ్చేవాళ్లు. ఒళ్లు మెత్తటి ఇనుము, నోరు మాత్రం ఉక్కు. ఉలికీ అదే లెక్క. చెక్కను కోసేది ముందున్న రెండంగుళాలే, మిగతాదంతా ఆ రెండంగుళాలను పట్టుకుని ఉండే కాడ. కాబట్టి ఇంట్లో ఉలి చేసుకోవడానికి పెద్ద కొలిమి అక్కర్లేదు. రెండంగుళాలను సరిగ్గా కాల్చి, సరిగ్గా చల్లార్చి, మళ్లీ కొంచెం కాచగలిగితే చాలు. ఆకారం తేవడం ఆకురాయికీ ఓపికకూ సంబంధించిన విషయం, అక్కడ తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. వేడి దగ్గర తప్పు చేస్తే మాత్రం రెండు రోజుల ఆకురాయి పని గాల్లో కలిసిపోతుంది. అందుకే ఇక్కడ వేడి గురించే ఎక్కువ చెబుతున్నాం.

మనం చేయబోయే ఉలి కొలతలివి: వెడల్పు 20 మి.మీ., అంటే దాదాపు ముప్పావంగుళం. పలక పొడవు 125 మి.మీ., పిడిలోకి దిగే తోక 70 మి.మీ. మందం భుజం దగ్గర 6 మి.మీ., కొన దగ్గర 4 మి.మీ. సాధారణ వడ్రంగానికి, చిన్న బెజ్జాలకు ఇది సరిపోతుంది.

ఏ ముక్క పనికొస్తుంది

ముందుగా పనికిరానివి చెప్పుకుందాం. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీ చూడగానే అందరికీ ఉలి ఆలోచనే వస్తుంది. దానిలో కార్బన్ 0.3 శాతానికి లోపే ఉంటుంది. ఎంత ఎర్రగా కాల్చి ముంచినా కోసే అంచుకు కావలసిన గట్టితనం రాదు. ఇనుప కొట్లో దొరికే మామూలు ఫ్లాటూ అంతే, దానిలో 0.2 శాతం చుట్టూ ఉంటుంది. ఉలికి కనీసం అర శాతం పైన కార్బన్ కావాలి.

సులువుగా దొరికే సరుకు లారీలు, జీపులు, చిన్న ట్రక్కుల కమాను పట్టీ. ఇది స్ప్రింగు ఉక్కు. కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, దానితో పాటు సిలికానో, క్రోమియమో కలిసి ఉంటాయి. 16వ నంబరు జాతీయ రహదారి వెంట ఒంగోలు, కావలి, నెల్లూరు దగ్గర కమాన్లు మార్చే షెడ్లలో విరిగిన పట్టీలు కుప్పగా పడి ఉంటాయి. తూకం లెక్కన ఇస్తారు. పెద్ద లారీ పట్టీ తీసుకోకండి. అది 10 మి.మీ. పైనే మందం ఉంటుంది, దాన్ని 6కి దించేసరికి గ్రైండరు డిస్కులూ మీ భుజాలూ అరిగిపోతాయి. జీపుదో, చిన్న ట్రక్కుదో 6–8 మి.మీ. మందంలో ఉన్నది ఏరుకోండి.

పట్టీలో చివర చుట్టిన కన్ను దగ్గరా, నడిమి బోల్టు రంధ్రం చుట్టూ ఉన్న భాగం వదిలేయండి. ఏళ్ల తరబడి ఎత్తుపల్లాల బరువు మోసి పగుళ్లు మొదలయ్యేది అక్కడే. మిగతా భాగంలోనూ కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. వాటిని పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ముక్కను వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి పావుగంట కిరోసిన్‌లో ఉంచండి. తీసి పొడిగుడ్డతో బాగా తుడిచి, మీద సుద్దపొడి పల్చగా రాయండి. పగులు ఉంటే దానిలోకి దిగిన కిరోసిన్ కాసేపటికి బయటికి ఊరి, తెల్లటి సుద్దమీద వెంట్రుకంత తడి గీత కనిపిస్తుంది. ఆ ముక్కను పక్కన పడేయండి. జాలి పడి వాడితే నూనెలో ముంచినప్పుడు టప్పుమని విరుగుతుంది.

తుప్పు ఎక్కువగా ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, సోడా ఉప్పు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గూడూరు, పొదలకూరు వైపు రాలిన నిమ్మకాయలకు కొదవ ఉండదు కదా. అయితే ఈ పులుపు స్నానం మొదట్లోనే. ఉక్కు గట్టిపడిన తరవాత పులుపులో నానబెడితే అది పెళుసెక్కుతుంది.

సరుకు సంగతి ఇంకా అనుమానంగా ఉంటే రెండు పరీక్షలు. గ్రైండరుకు తాకించి చీకటిగా ఉన్నచోట రవ్వలు చూడండి. మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా, నిటారుగా, పెద్దగా చీలకుండా పోతాయి. కార్బన్ ఉన్న ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలా కొసల్లో చిటపట చీలి పూస్తాయి. రెండోది ఇంకా నమ్మకమైనది: అదే పట్టీ నుంచి వేలెడు ముక్క కోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, వైసులో బిగించి, గుడ్డ కప్పి సుత్తితో కొట్టండి. వంగితే పనికిరాదు. పుటుక్కున విరిగితే విరిగిన చోటు చూడండి. నున్నటి బూడిద రంగులో సన్నగా ఉంటే సరుకూ బాగుంది, మీ వేడీ బాగుంది. పంచదార పలుకుల్లా మెరుస్తూ గరుకుగా ఉంటే సరుకు మంచిదే, మీరే ఎక్కువ కాల్చారు. ఈ చిన్న ముక్క నేర్పేది వంద మాటలు నేర్పలేవు. దీన్ని దాటేయకండి.

ముందు మెత్తబరచాలి

స్ప్రింగు ఉక్కు దొరికినప్పుడే సగం గట్టిగా ఉంటుంది. హాక్సా బ్లేడు పళ్లు రాలిపోతాయి, డ్రిల్లు బిట్టు కీచుమంటుంది. పైగా పట్టీ వంపు తిరిగి ఉంటుంది. జానెడు ముక్కలోనే 2 మి.మీ. దాకా వంపు వస్తుంది. కాబట్టి గ్రైండరు కటింగ్ వీలుతో 25 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు బద్దీ కోసుకుని, దాన్ని బొగ్గుల్లో మొత్తం ఎర్రగా కాల్చండి. తీగకు కట్టిన అయస్కాంతాన్ని తాకించి చూస్తుండండి. అంటుకోవడం మానేసిన తరవాత ఇంకొక్క ఛాయ ఎర్రబడనిచ్చి, బయటికి తీసి దాగలి మీద చదునుగా కొట్టండి. దాగలి లేకపోతే రైలు పట్టా ముక్క చాలు. ఎరుపు పోయి నల్లబడ్డాక కొట్టకండి, పగులుతుంది.

చదునయ్యాక మళ్లీ అంతే ఎరుపుకు తెచ్చి, అయిదారు నిమిషాలు అదే వేడిలో ఉంచి, ఊక బూడిదలో పాతిపెట్టండి. బియ్యం మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఈ బూడిదంత మంచి వేడి కాపలాదారు మరొకటి లేదు. 15 కిలోల నూనె డబ్బా నిండా తీసుకోండి. బూడిద తడిగా ఉంటే పనంతా చెడుతుంది, ముందు రోజు ఎండలో ఆరబోయండి. మరో ఇనప ముక్కను ఎర్రగా కాల్చి మన ముక్క పక్కనే పాతితే చల్లారడం ఇంకా నెమ్మదిస్తుంది. సాయంత్రం పాతితే తెల్లారి తీయండి. రెండు గంటలకే ఆత్రంగా తవ్వితే క్రోమియం ఉన్న పట్టీ గాలికే మళ్లీ సగం గట్టిపడుతుంది. ఆకురాయి పెట్టి చూడండి. జారకుండా కొరికితే మెత్తబడినట్టే.

కోత, ఆకురాయి

మార్కరుతో ఉలి బొమ్మ గీసుకోండి. పలక తోకగా సన్నబడే రెండు లోపలి మూలల దగ్గర, కోయడానికి ముందే 6 మి.మీ. రంధ్రాలు వేయండి. మూల గుండ్రంగా మిగలడానికి ఇది. అక్కడ కత్తితో కోసినట్టు సూటి మూల ఉంటే దెబ్బల భారమంతా ఆ ఒక్క చోటే చేరి, ఏదో ఒక రోజు పిడి ఒక చేతిలోనూ పలక చెక్కలోనూ మిగులుతాయి. డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి, నూనె చుక్కలు వేస్తుండండి.

హాక్సాకు అంగుళానికి 18 పళ్ల బ్లేడు. నిమిషానికి 40–50 సార్లకు మించి ఆడించకండి, తొందరపడితే బ్లేడే అరుగుతుంది. తోక భుజం దగ్గర 8 మి.మీ. వెడల్పు, చివర 5 మి.మీ. ఉండేలా కొద్దిగా సన్నబరచండి. పలక పక్కలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, 20 మి.మీ.కి వచ్చేదాకా ఆకురాయితో దించండి. పైముఖం భుజం దగ్గర 6 నుంచి కొనకు 4 మి.మీ.కి వాలేలా చేయండి. మూలల వెంట పొడవునా చిన్న వాలు తీస్తే చేతికి కోసుకోదు.

అంచు వాలుకు కోణమానిని వెతుక్కోనక్కర్లేదు. వాలు పొడవును వెనక ముఖం వెంట కొలిచినప్పుడు మందానికి రెండింతలుంటే కోణం 26–27 డిగ్రీలకు వస్తుంది. 4 మి.మీ. మందానికి 8 మి.మీ. వాలు. కానీ అంచును ఇప్పుడే పదును దాకా దించకండి. 1 మి.మీ. మందం వదిలేయండి. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. పల్చటి అంచు కొలిమిలో మిగతాదానికంటే ముందే మండిపోతుంది, దానిలో కార్బన్ కాలిపోతుంది, ముంచినప్పుడు వంకర తిరుగుతుంది.

వెనక ముఖం, అంటే చదును వైపు, ముందు 40 మి.మీ. మాత్రం అద్దంలా ఉంటే చాలు. దీనికి చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి సంపాదించుకోండి. పాలిష్ పట్టిన పలకల కోతల్లో మిగిలిన అడుగు ముక్క ఏ రాళ్ల షాపులోనైనా దొరుకుతుంది. దాని మీద స్టీలు స్కేలు నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు నిలబెట్టి వెలుతురు చొరబడుతుందేమో చూసుకోండి. చొరబడకపోతే అదే మీ సానబల్ల. వాటర్ పేపరును నీళ్లతో తడిపి దానిమీద పరిస్తే అంటుకుని కూర్చుంటుంది. ఈ దశలో 120 నంబరు పేపరు, తరవాత 220 సరిపోతాయి. గీతలు పొడవునా ఉండేలా రుద్దండి. అడ్డంగా లోతైన గీత మిగిలితే ముంచినప్పుడు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

కొలిమి, నూనె

నేల మీద ఇటుకలు పేర్చి, లోపల బంకమట్టి మెత్తి, పక్క నుంచి ముప్పావంగుళం ఇనుప పైపు దూర్చితే కొలిమి సిద్ధం. పైపు నల్లటిదే వాడండి. జీఐ పైపు మీది జింకు పూత కాలితే వచ్చే తెల్లటి పొగ జ్వరం తెప్పిస్తుంది. గాలికి చేత్తో తిప్పే బ్లోయరు మేలు, పాత హెయిర్ డ్రయ్యరైనా పరవాలేదు కానీ గాలి సగానికి తగ్గించాలి. ఇటుకలు, మట్టి పూర్తిగా ఆరి ఉండాలి. తడి ఇటుక వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి.

బొగ్గుకు సర్కారు తుమ్మ బొగ్గు చాలా బాగుంటుంది. చిన్న నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి 5 కిలోలు పక్కన పెట్టుకోండి.

నూనె: వేరుశనగ నూనె లేదా తవుడు నూనె, 5 లీటర్లు. పొడవాటి ఇనుప డబ్బాలో పోయాలి, ప్లాస్టిక్కు బకెట్టు దరిదాపుల్లోకి రాకూడదు. డబ్బాకు సరిపోయే రేకు మూత పక్కనే ఉండాలి. ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిలు ఊరికే వస్తుందని చాలామంది వాడతారు. దానిలో ఏమేం కాలి ఉంటాయో ఆ నల్లటి పొగే చెబుతుంది. వద్దు. నూనె 50–60 డిగ్రీలుండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి ఉక్కు చుట్టూ చురుగ్గా కదలదు, గోరువెచ్చటి నూనే త్వరగా చల్లారుస్తుంది. ఎర్రగా కాల్చిన ఇనప ముక్క ఒకటి ముంచి కలిపితే వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో అయితే ఎండలో పెట్టినా సగం దూరం వచ్చేస్తుంది.

తాటాకు పందిరి కింద, గడ్డివాము దగ్గర ఈ పని పెట్టుకోకండి. నూలు బట్టలు, తోలు చెప్పులు, కళ్లద్దాలు. నైలాన్ లుంగీ రవ్వ తగిలితే ఒంటికి కరుచుకుంటుంది. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టండి, నీళ్లు మాత్రం పోయకండి.

గట్టిపరచడం

ఈ పని సందె వేళ చేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉక్కు ఎంత ఎర్రగా ఉన్నా నల్లగానే కనిపిస్తుంది, ఇంకా కాలలేదనుకుని అతిగా కాల్చేస్తారు. ఇంట్లో చేసిన ఉలులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మొదట ఉక్కు పలుకును, అంటే విరిగిన చోట కనిపించే లోపలి రేణువులను, సన్నబరచాలి. ముందు భాగం 60 మి.మీ. మేర అయస్కాంతం వదిలేదాకా కాల్చి, బయటికి తీసి, కదలని గాలిలో నల్లబడేదాకా చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు. మెత్తబరిచేటప్పుడు ఎక్కువసేపు వేడిలో ఉండి పెరిగిన పలుకులు దీనితో మళ్లీ సన్నబడతాయి. మూడోసారి చల్లారాక గ్రానైటు మీద పెట్టి వంపు ఉందేమో చూసుకోండి, ఉంటే ఇప్పుడే సరిచేయాలి.

ఇక అసలు కాల్పు. ఉలిని పైపు నోటికి ఎదురుగా పెట్టకండి, సూటిగా తగిలే గాలి కార్బన్‌ను తినేస్తుంది. బొగ్గుల నడుమ, గాలికి కాస్త పైన ఉండాలి. గాలి నెమ్మదిగా. అంచు ముందుగా వేడెక్కుతుంది కాబట్టి ఉలిని కొంచెం లోపలికి తోసి, వెనకభాగం ఎర్రబడ్డాక అంచును వెనక్కి లాగుతూ, ముందుకూ వెనక్కీ ఆడిస్తూ 60 మి.మీ. మొత్తం ఒకే రంగుకు తేవాలి.

ఏ రంగు? దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతాన్ని వదిలేస్తుంది. కానీ అక్కడ ఆపితే సరిపోదు, కమాను పట్టీకి 830–850 కావాలి. మధ్యలో ఇంకో గుర్తు ఉంది, మన వంటింట్లోనే: ఉప్పు. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడెక్కిన పలక మీద చిటికెడు మెత్తటి ఉప్పు చల్లండి. ఎక్కువ పోయకండి. పలుకులుగా ఉన్నంతసేపూ 801కి రాలేదు. కరిగి తడి మెరుపు వచ్చిందంటే దాటింది. అక్కడి నుంచి ఒక్క ఛాయ పెంచండి. మసక వెలుతురులో చూస్తే ముదురు దానిమ్మ గింజ రంగు దాటి, విరగపండిన గింజ మెరుపుకు రావాలి. నారింజ రంగు తిరిగిందంటే ఎక్కువైంది. అలాంటప్పుడు ముంచకండి, బయటికి తీసి గాలికి నల్లబడనిచ్చి మళ్లీ మొదటి నుంచి కాల్చండి. కరిగిన ఉప్పు తరవాత తుప్పు పట్టిస్తుంది, పని అయ్యాక వేడినీళ్లతో కడగడం మరవకండి.

ఆ రంగులో ఒక నిమిషం నిలిపి, పటకారుతో తీసి నేరుగా నూనెలోకి. నిప్పుకూ నూనెకూ మధ్య రెండు క్షణాలకు మించకూడదు, కాబట్టి నూనె డబ్బా కొలిమికి చెయ్యి చాపేంత దూరంలోనే ఉండాలి. నిలువుగా, అంచు కిందికి, ఎర్రటి భాగమంతా మునిగేదాకా ఒక్కసారిగా దించండి. భయపడి సగం ముంచితే మంట లేస్తుంది. మునిగాక పైకీ కిందికీ ఓ సెంటీమీటరు ఆడిస్తూ ఉండండి. పక్కలకు ఊపితే ఒక ముఖం ముందు చల్లారి ఉలి అటువైపు వంగుతుంది. 15 సెకన్లు ఆడించి, చేత్తో పట్టుకోగలిగినంత చల్లబడ్డాక బయటికి తీయండి.

నీళ్లలో ఎందుకు ముంచకూడదని అడుగుతారు. నీళ్లు చాలా వేగంగా వేడిని లాగుతాయి. సిలికాన్, క్రోమియం ఉన్న ఉక్కుకు అంత వేగం అక్కర్లేదు. లోపల, బయట చల్లారడంలో తేడా వచ్చి అంచు పగులుతుంది. కొలిమిలో కమ్మరి నీళ్లలో ముంచడం చూసి ఉంటారు. ఆయన సరుకు వేరు, చేతి అంచనా వేరు.

ఇప్పుడు పాత ఆకురాయి మూలతో అంచు పక్కన గీయండి. గాజు మీద జారినట్టు జారాలి. కొరికితే వెంటనే నిరాశపడకండి. పైపొరలో కార్బన్ కాలిపోయి ఉండొచ్చు, అదే చోట నాలుగైదు సార్లు గట్టిగా రుద్ది చూడండి. కింద గట్టిగా తగిలితే పరవాలేదు, ఆ పొర పదునులో ఎలాగూ పోతుంది. లోపలా మెత్తగానే ఉంటే వేడి చాలలేదు, లేదా నూనెకు చేరేలోపు చల్లారింది. మళ్లీ కాల్చాలి.

టెంపరింగ్

ఈ స్థితిలో ఉలి గాజంత పెళుసు. చేయి జారి బండ మీద పడితే ముక్కలే. రేపు చూద్దామని వదిలేయకండి, లోపలి ఒత్తిడికి రాత్రికి రాత్రే పగిలిన ముక్కలున్నాయి. గంటలోపు మళ్లీ కొంచెం కాచి ఆ పెళుసు తగ్గించాలి. టెంపరింగ్ అంటే ఇదే.

నల్లటి పొరను 220 పేపరుతో తీసి ఒక ముఖం తళతళలాడేలా చేయండి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంటే 200 డిగ్రీలకు పెట్టి, ట్రేలో పొడి ఇసుక పోసి దానిలో ఉలిని పూడ్చండి. ఓవెన్ డయలును నమ్మకండి, 20–30 డిగ్రీల తేడా మామూలే. విడిగా ఓవెన్ థర్మామీటరు పెట్టి చూడండి. ఒక గంట ఉంచి, గాలికి చల్లార్చి, మళ్లీ ఇంకో గంట. గట్టి దెబ్బలు తినే బెజ్జం ఉలి అయితే 230.

ఓవెన్ లేకపోతే రంగు చూసి చేయాలి. మందపాటి ఇనుప దిమ్మను ఎర్రగా కాల్చి, ఉలి పలకను అంచుకు దూరంగా, వెనకవైపు దాని మీద ఆనించండి. తళతళలాడే ముఖం మీద రంగులు వెనక నుంచి అంచువైపు పాకుతాయి: ముందు లేత గడ్డి రంగు, తరవాత తేనె రంగు, గోధుమ, నేరేడు, చివరికి నీలం. అంచుకు లేత గడ్డి రంగు చేరి తేనె రంగుకు తిరగబోతుండగా నీళ్లలో ముంచి ఆపండి. నేరేడు రంగు అంచుకు చేరిందంటే ఉలికి మెత్తనైపోయింది, మళ్లీ గట్టిపరచాల్సిందే. క్రోమియం ఉన్న ఉక్కు రంగులు కొంచెం ఆలస్యంగా, ఎక్కువ వేడికి చూపిస్తుంది. ఈ పద్ధతిలో అంచనా కొంచెం అటూ ఇటూ కావడానికి అదే కారణం. వీలుంటే ఓవెనే మేలు.

పదును

ఇప్పటి నుంచి ఉలి వేడెక్కకూడదు. గ్రైండరు మీద పెడితే చేతికి తొడుగు లేకుండా పట్టుకోండి. మీ వేలికి చుర్రుమంటే ఉలికీ అంతే, నీళ్లలో ముంచండి. అంచున ఎక్కడైనా నీలం తిరిగితే అంతమేర పదును నిలవదు, ఆ భాగం మొత్తం అరగదీసి వెనక్కి పోవాలి.

ముందు వెనక ముఖం. గ్రానైటు మీద 220, 400, 800, 1000, 1500 పేపర్లు వరసగా. ప్రతి పేపరు ముందటి పేపరు గీతలను పూర్తిగా తుడిచేశాకే తరవాతదానికి వెళ్లండి. ఈ ముఖంలో గీత ఉంటే అంచులో పన్ను ఉన్నట్టే. తరవాత వాలు, ముందు వదిలిన 1 మి.మీ. కరిగి అంచుకు చేరేదాకా. అంచు చేరిందన్న గుర్తు: వెనక ముఖం మీద వేలిని అంచువైపు జరిపితే సన్నటి రేకు తగులుతుంది. ఆ రేకు అంచు మొత్తం మీద తగలాలి, ఒక మూలలో తగలకపోతే అక్కడ ఇంకా పదును చేరలేదు. చివర ఉలిని కొంచెం ఎత్తి 30 డిగ్రీల దగ్గర నాలుగైదు రుద్దులు, వెనక ముఖం చదునుగా పెట్టి రెండు రుద్దులు, తోలు బెల్టు మీద పది లాగుడు. వేప చెక్క అడ్డకోత మీద పెట్టి తోస్తే పొడి రాలకుండా పల్చటి పొట్టు లేచి, కోసిన చోటు మెరవాలి.

పిడి

నల్లతుమ్మ. బాగా ఆరినది. విరిగిన ఎడ్లబండి చక్రం ఆకు దొరికితే అంతకంటే కావలసిందేముంది, ఏళ్ల తరబడి ఎండిన కర్ర అది. పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలానికి కుంచించుకుని పొన్ను (పిడి చీలకుండా కొసకు వేసే ఉంగరం) ఊడిపోతుంది. 130 మి.మీ. పొడవు, 30 మి.మీ. లావు. నడిమధ్యలో 5 మి.మీ. బిట్టుతో 70 మి.మీ. లోతు, అదే రంధ్రాన్ని 7 మి.మీ. బిట్టుతో 40 మి.మీ. దాకా వెడల్పు చేయండి. ముందు కొసకు ఇత్తడి గొట్టం నుంచి 15 మి.మీ. కోసిన పొన్ను బిగుతుగా ఎక్కించాకే తోకను దించాలి, లేకపోతే కర్ర చీలుతుంది. చేత్తో తోస్తే భుజానికి వేలి వెడల్పంత ఎడం ఉండగా ఆగాలి. అక్కడి నుంచి ఉలిని గాల్లో పట్టుకుని పిడి వెనక కొయ్య సుత్తితో కొడితే దానంతటదే ఎక్కుతుంది. తోకను ఎర్రగా కాల్చి దింపే అలవాటు కొందరికి ఉంది. ఆ వేడి అంచుకు పాకి టెంపరు పోగొడుతుంది, బొగ్గైన రంధ్రం కొన్నాళ్లకు వదులవుతుంది. ఇనుప సుత్తితో కొట్టే అలవాటుంటే పిడి వెనకకూ ఒక పొన్ను వేయండి.

వాడి చూసినప్పుడు

ఎండిన తుమ్మ చెక్కలో ఇరవై దెబ్బలు వేసి అంచును వెలుతురుకు పట్టి చూడండి. చిన్న చిన్న పెచ్చులు లేచి ఉంటే ఇంకా పెళుసుగా ఉంది. 15 డిగ్రీలు పెంచి మళ్లీ ఒక గంట టెంపరు చేసి, పదును పెట్టి, మళ్లీ అవే ఇరవై దెబ్బలు. పెచ్చులు కాకుండా అంచు ఒకవైపు మడిచినట్టుంటే మెత్తగా ఉంది. దానికి టెంపరుతో మందు లేదు, మళ్లీ గట్టిపరచడమే. అయితే తీర్పు చెప్పే ముందు ఒకసారి 2 మి.మీ. అంచు అరగదీసి మళ్లీ చూడండి. కార్బన్ కాలిన పైపొర ఇంకా మిగిలి ఉండడం వల్ల మొదటి అంచు చాలాసార్లు అన్యాయంగా మెత్తగా కనిపిస్తుంది. రెండు పరీక్షల్లోనూ నెగ్గి, గట్టి చెక్కలో మాత్రమే త్వరగా మొద్దుబారుతుంటే లోపం ఉక్కులో లేదు, వాలులో ఉంది. 30కి బదులు 35 డిగ్రీలు పెట్టుకోండి.

చిత్రిక బ్లేడు, గీత కత్తి

చిత్రిక బ్లేడుకు కమాను పట్టీ కంటే ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే టూల్ స్టీలు) ఫ్లాటు కొనుక్కోవడం తెలివైన పని. టూల్ స్టీలు అమ్మే కొట్లలో 3 మి.మీ. మందంలో దొరుకుతుంది, మెత్తగానే ఇస్తారు. దీనిలో కార్బన్ 0.9 శాతానికి పైనే, కాబట్టి వేడి తక్కువ చాలు. ఉప్పు కరిగిన చోటే ఆగి, ఆ రంగులో అయిదారు నిమిషాలు నిలపాలి. వెడల్పాటి పల్చటి పలక కాబట్టి వంకర తిరగడం దీని జబ్బు. నూనె నుంచి తీయగానే రెండు మందపాటి ఇనుప పలకల మధ్య పెట్టి వైసులో బిగించేయండి. కట్టెతో చేసిన చిత్రికలో మేకుతో బిగించే బ్లేడైతే కన్నం అక్కర్లేదు. ఇనుప చిత్రికదైతే కన్నం గట్టిపరచక ముందే కోసుకోవాలి.

చెక్క మీద గుర్తులు గీసే గీత కత్తికి పాత ఆకురాయి మంచిదే కానీ దాని పళ్లు అడుగంటా అరగదీయాలి. పంటి మొదట్లో మిగిలిన గాడే పగులుకు దారి. చౌక ఆకురాళ్లలో కొన్నింటికి పైపొరే గట్టి, లోపల మెత్తటి ఇనుము. రవ్వలు చూసి తేల్చుకోండి. ఇంకా తేలిక దారి, వర్క్‌షాపుల్లో పారేసే పవర్ హాక్సా బ్లేడు. మొత్తం హైస్పీడు స్టీలుదైతే కాల్చడం, ముంచడం ఏమీ లేదు. గ్రైండరుతో ఆకారం తెచ్చి పదును పెట్టడమే. గ్రైండరు మీద నీలం తిరిగినా దాని గట్టితనం పోదు. చేతి హాక్సా బ్లేడు మాత్రం కాదు, బైమెటల్ అయితే దానిలో పళ్లే హైస్పీడు స్టీలు.

తుప్పు

సముద్రం గాలి తగిలే ఊళ్లలో, కార్తీకం వానల్లో ముఖ్యంగా, పేపరు పట్టిన ఉక్కు ఒక్క రాత్రికే ఎర్రటి చుక్కలు తేలుతుంది. పని ముగిశాక పొడిగుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాయండి. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురెక్కి దుమ్మును పట్టేస్తుంది. పనిముట్ల పెట్టెలో ఓ నాలుగు కర్పూరం బిళ్లలు గుడ్డలో మూటకట్టి ఉంచండి, కరిగిపోయినప్పుడల్లా కొత్తవి పెట్టండి. తోలు సంచిలో మాత్రం ఉలిని నిల్వ చేయకండి. తోలు తేమను పీల్చి అంచుకే అందిస్తుంది.